గూగుల్‌ల ఏఐ జవాబు రాకుండ ఎట్ల వెతకాలె

పత్తికి గులాబీ పురుగొచ్చిందని మందు డోసు వెతికితె ముందుగాల ఏఐ జవాబే కనవడ్తది, అండ్ల లీటరు నీళ్లకా ఎకరానికా అన్న కాడ తేడా వడితె చేను ఆగమైతది, అందుకే అసలు సైటే తెరిచి చదువాలె. వెతికినంక పైన ఆల్, ఇమేజెస్ అని వరుస ఉంటది గదా, దాన్ని పక్కకు జరుపుండ్రి, లేకపోతె మోర్ నొక్కుండ్రి, 'వెబ్' అని ఉంటది, 2024 మే నెలల తెచ్చిన్రు, అది నొక్కితె ఒట్టి లింకులే వస్తయి. ప్రతిసారి నొక్కుడు తిప్పలైతె వెతికిన పేజీ లింకు చివర ఆండ్ గుర్తు పెట్టి యూడీఎం ఈక్వల్ టు 14 అని ఇంగ్లీషుల (&udm=14) కొట్టుండ్రి, పని అదే. కంప్యూటర్ల క్రోమ్ సెట్టింగ్స్‌ల, లింకుల వెతికే మాట ఉన్న కాడ పర్సెంట్ గుర్తు, పక్కన చిన్న ఎస్ (%s) పెట్టి ఇదే లింకును సెర్చ్ ఇంజిన్‌గ యాడ్ చేసి డిఫాల్ట్ పెట్టుకుంటె ఇగ రంది లేదు. గూగుల్ లెక్కనే వెతికే ఇంకో సైటు డక్‌డక్‌గోలనైతె ఇంకా అల్కగ, సెట్టింగ్స్‌లనే ఏఐ జవాబులు బంద్ చేసుకోవచ్చు. ఎనుమాముల మార్కెట్ పత్తి రేటు సుత గిట్లనే వెతకుండ్రి, లింకు తెరిచినంక తేది సూస్కోండ్రి.