డిజిటల్ కళా చరిత్ర సదస్సుకు వెళ్లే విద్యార్థి ఖర్చు కూర్చుకోవడం ఎలా?

సదస్సు ఖర్చు మొత్తాన్ని ఏదో ఒక సంస్థే భరిస్తుందని ఎదురుచూసేవారు చాలావరకు ప్రయాణమే మానుకుంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు ఒకచోట మాఫీ అవుతుంది, విమాన ఛార్జీలో కొంత భాగం మరోచోటి నుంచి వస్తుంది, బస ఖర్చు విశ్వవిద్యాలయం ఇస్తే ఇస్తుంది, మిగిలినది ఇంట్లోంచే పెట్టుకోవాలి. గుంటూరు, విజయవాడల్లో చరిత్ర, పురావస్తు శాస్త్రం, ఆర్కిటెక్చర్, లలితకళలు చదువుతూ డిజిటల్ కళ మీదనో, కంప్యూటర్ సాయంతో చేసే కళా చరిత్ర పరిశోధన మీదనో విదేశంలో పత్రం సమర్పించదలచినవారికి ఈ ముక్కలను ఏ వరుసలో కూర్చుకోవాలో తెలిస్తే పని సగం తేలికవుతుంది.

మొదట అడగవలసింది సదస్సు నిర్వాహకులనే. పత్రాలను ఆహ్వానించే ప్రకటన వెలువడగానే విషయాల జాబితాతో పాటు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆర్థిక సహాయం వివరాలను కూడా చదవాలి. చాలా సదస్సుల్లో సహాయం కావాలా అన్న ప్రశ్న అబ్‌స్ట్రాక్ట్ (పత్రం సారాంశం) పంపే ఫారంలోనే ఉంటుంది. పత్రం ఆమోదం పొందాక అడుగుదామని ఆ గడిని ఖాళీగా వదిలేస్తే తర్వాత అడిగే అవకాశం ఉండకపోవచ్చు. ఎలక్ట్రానిక్ విజువలైజేషన్, కళల మీద లండన్‌లో ఏటా జరిగే ఈవా సదస్సు, వేరేచోట నిధులు దొరకని సమర్పకుల కోసం పరిమిత సంఖ్యలో బర్సరీలు, అంటే ఖర్చులకు సాయంగా ఇచ్చే మొత్తాలు, ఇస్తుంది. డిజిటల్ హ్యుమానిటీస్ సంస్థల అంతర్జాతీయ కూటమి ఆధో తన వార్షిక సదస్సుకు వచ్చే విద్యార్థులకు, కొత్త పరిశోధకులకు బర్సరీలు ప్రకటిస్తుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ రంగంలో 1974 నుంచి జరుగుతున్న సిగ్రాఫ్ సదస్సులో కళా ప్రదర్శనలకూ చోటుంది. అక్కడ విద్యార్థి వాలంటీరుగా ఎంపికైతే నిర్ణీత గంటలు పనిచేసినందుకు సదస్సు ప్రవేశం ఉచితంగా లభిస్తుంది. పత్రం లేనివారికి కూడా తెరుచుకునే దారి అది కాబట్టి, దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు.

మన దేశంలోని నిధుల విషయంలో కళా చరిత్రకు ఒక చిక్కు ఉంది: అది ఏ కుటుంబానికి చెందినదో ఎవరూ గట్టిగా చెప్పరు. 1972లో ఏర్పడిన భారత చారిత్రక పరిశోధన మండలి, 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి విదేశీ సదస్సులకు ప్రయాణ సహాయం ఇచ్చే పథకాలు నడిపాయి. అయితే ఎవరు అర్హులు, ఎంత మొత్తం, ఎన్ని నెలల ముందు దరఖాస్తు చేయాలి అన్న నియమాలను ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. మీ పత్రంలో శాసనాలు, శిల్పాలు, వాటి కాల నిర్ణయం ప్రధానమైతే మొదటి మండలికి, మ్యూజియం సందర్శకులు, చేతివృత్తులవారి జీవనం ప్రధానమైతే రెండోదానికి దరఖాస్తు చేయడం సమంజసం. ఈ రెండూ పీహెచ్‌డీ స్థాయివారిని దృష్టిలో పెట్టుకునేవే గనుక, ఎంఏ, బీఆర్క్ విద్యార్థులు నిర్వాహకుల బర్సరీ మీద, తమ సంస్థ మీద ఎక్కువగా ఆధారపడవలసి ఉంటుంది. దరఖాస్తు గైడు, శాఖాధిపతి, రిజిస్ట్రారు కార్యాలయం మీదుగా వెళ్లాలన్న నియమం ఉన్నచోట, ఆ మూడు సంతకాలకు పట్టే కాలం మీరు పత్రం రాయడానికి పట్టే కాలం కన్నా ఎక్కువ కావచ్చు. బోనఫైడ్ సర్టిఫికెట్, గైడు సిఫారసు లేఖ, అభ్యంతరం లేదన్న పత్రం ఆమోదం మెయిల్ రాకముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

ఇక లేఖ సంగతి. సహాయం కోరుతూ రాసే లేఖలో మనవాళ్లు తరచూ చేసే పొరపాటు, కుటుంబ కష్టాలతో మొదలుపెట్టి వాటితోనే ముగించడం. ఆదాయం గురించి ఒక్క వాక్యం, ఒక ధ్రువపత్రం చాలు. మీరు రాకపోతే సదస్సులో ఏ మాట వినబడకుండా పోతుందన్నదే కమిటీ తెలుసుకోగోరుతుంది. ఈ విషయంలో గుంటూరు ప్రాంత విద్యార్థికి దగ్గరలోనే పెద్ద ఆధారం ఉంది. గుంటూరు నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అమరావతి మహాచైత్యం (బౌద్ధ స్తూపం) శిల్పాలను 18వ శతాబ్దం చివర సర్వేయరు కోలిన్ మెకంజీ చూశాడు, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు; ఆ పలనాటి సున్నపురాతి ఫలకాలలో చాలా భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉండగా, కొన్ని అమరావతిలోనే మిగిలాయి. ముక్కలైన స్తూపాన్ని తెర మీద తిరిగి కూర్చడం డిజిటల్ కళా చరిత్రకు ఇంటి పని వంటిది. కాబట్టి లేఖలో ఇలా రాయవచ్చు: "అమరావతి మ్యూజియంలోని ఫలకాలను ఫొటోల ద్వారా త్రిమితీయ నమూనాలుగా మార్చి, ఇతర మ్యూజియంలు ఆన్‌లైన్‌లో ఉంచిన చిత్రాలతో జతచేసి, ప్రదక్షిణ మార్గంలో వాటి క్రమాన్ని పరిశీలిస్తున్నాను. లండన్‌కు రాగలిగితే, నేను తెర మీద మాత్రమే చూసిన ఫలకాలను ప్రత్యక్షంగా చూసి, నా నమూనాలోని తప్పులను సరిదిద్దుకోగలుగుతాను." ఆన్‌లైన్‌లో మాట్లాడితే సరిపోదా అన్న ప్రశ్నకు రెండో వాక్యమే జవాబు. ఉండవల్లి గుహల మీదనో, కొండపల్లి బొమ్మల మీదనో పనిచేసేవారికి ఈ వాదన ఇంత సూటిగా కుదరదు. వారు అక్కడ ఎవరి పద్ధతిని నేర్చుకోదలచారో, తిరిగి వచ్చి దానితో ఏ పని చేస్తారో రాయాలి.

లేఖతో జతచేసే బడ్జెట్‌లో అంకెలు గుండ్రంగా ఉండకూడదు. టికెట్ ధర ఏ తేదీన చూశారో, మారకం రేటు ఎంత వేసుకున్నారో పక్కనే రాయాలి. విజయవాడ నుంచి హైదరాబాదుకో, చెన్నైకో రైలు ఛార్జీ, వీసా రుసుము, బీమా, అక్కడి బస్సు, మెట్రో ఖర్చులు చాలామంది మర్చిపోతారు. ఇతర సంస్థలకు పెట్టుకున్న దరఖాస్తులను దాచిపెట్టవద్దు. ఒకే టికెట్‌కు రెండుచోట్ల డబ్బు తీసుకోవడం తప్పు గానీ, టికెట్ ఒకరిని, బస మరొకరిని అడగడం తప్పు కాదు.

అసలు ఇబ్బంది డబ్బు మంజూరయ్యాక మొదలవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్న మాట తెలియని ఇల్లు మన జిల్లాల్లో లేదు కాబట్టి దీన్ని వివరించడం సులువే: చాలా సంస్థలు ముందు మిమ్మల్నే ఖర్చు పెట్టమని చెప్పి, మీరు తిరిగి వచ్చి బిల్లులు చూపాక చెల్లిస్తాయి. అందువల్ల కొంత అడ్వాన్సు ఇవ్వగలరా, రిజిస్ట్రేషన్ ఫీజును వసూలు చేయకుండా నేరుగా రద్దు చేయగలరా అని మంజూరు లేఖ అందిన రోజే మర్యాదగా అడగాలి. కొన్ని ప్రభుత్వ నిధుల కింద విమాన టికెట్‌ను బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ వంటి అనుమతి పొందిన ఏజెన్సీల ద్వారానే కొనాలన్న షరతు ఉంటుంది. చవకగా దొరికిందని వేరేచోట కొంటే ఆ బిల్లు చెల్లదు. బ్యాంకు కార్డుల మీద విదేశీ లావాదేవీలు మనం కోరితేగాని పనిచేయవు గనుక, ఫీజు గడువు చివరి రాత్రి దాకా ఆగకుండా ముందే ఆ సదుపాయాన్ని తెరిపించుకోవాలి. నా మొదటి ప్రయాణంలో తిరుగు విమానం బోర్డింగ్ పాస్ పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని, ఆ పుస్తకాన్నే ఎక్కడో మరిచిపోయాను. నిధులిచ్చిన సంస్థ ఆ ఒక్క కాగితం కోసం నెలల తరబడి చెల్లింపు ఆపింది. అప్పటి నుంచి ప్రతి కాగితాన్ని చేతికందిన వెంటనే ఫోనుతో ఫొటో తీసి, అసలును ఒకే కవరులో ఉంచుతున్నాను.

వీసాకు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. విజయవాడలోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది కాబట్టి అబ్‌స్ట్రాక్ట్ పంపిన వారంలోనే దరఖాస్తు చేయవచ్చు. ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి వీసా అడగవచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం చేయరాదు, బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మంజూరు లేఖ ఇక్కడ ఆర్థిక ఆధారంగానూ పనికొస్తుంది.

అన్ని శాస్త్రాలనూ ఒకే వేదిక మీద కలిపి, పంపిన రెండు రోజులకే ఆమోదం తెలిపి, వెంటనే ఫీజు కట్టమనే సదస్సుల జోలికి వెళ్లవద్దు. గత సంవత్సరాల కార్యక్రమ పట్టిక, ప్రచురించిన పత్రాలు కనబడకపోతే గైడును అడగకుండా ఒక్క రూపాయి కూడా పంపకూడదు.

సహాయం దొరకకపోతే, పత్రాన్ని వెనక్కి తీసుకునే ముందు ఆన్‌లైన్‌లో సమర్పించే వీలుందా అని నిర్వాహకులకు రాయండి. దొరికి వెళ్లివస్తే, హాజరు ధ్రువపత్రం, బిల్లులు, వినియోగ ధ్రువపత్రం (ఇచ్చిన డబ్బును ఆ పనికే వాడినట్టు తెలిపేది), రెండు పేజీల నివేదిక కలిపి గడువులోగా అందించి, అందినట్టు రసీదు తీసుకోండి.