మొదటి ప్రోగ్రామ్‌తో ‘నమస్కారం’ చెప్పించడం ఎలా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోర్సులో చేరినా, మొదట రాయించేది దాదాపు ఒకటే: స్క్రీన్ మీద ‘హలో, వరల్డ్’ అని రావాలి. ఒక్క లైనే కదా అని తీసిపారేయకండి. అది కనిపించిందంటే ఇన్‌స్టాలేషన్ సరిగ్గా అయిందని, మీరు రాసింది కంప్యూటర్ చదవగలిగిందని అర్థం. రేపు ఏదైనా తప్పొస్తే మీ కోడ్‌లో వెతుక్కుంటే చాలు.

నేనైతే దీన్ని తెలుగులోనే చేయమంటాను.

1. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషను దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. ఉచితమే. విండోస్‌లో ఐడిల్ అనే ఎడిటర్ దాంతోపాటే వస్తుంది.

2. ఐడిల్ తెరిచి, ఫైల్ మెనూలో న్యూ ఫైల్ నొక్కండి.

3. ‘ప్రింట్’ అనే మాటను ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. పక్కనే బ్రాకెట్ తెరిచి, డబుల్ కోట్స్ మధ్య నమస్కారం అని తెలుగులో రాసి, బ్రాకెట్ మూయండి.

4. సేవ్ చేసి ఎఫ్5 నొక్కండి.

ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి, ముందు కోట్స్ చూడండి. మా చెల్లి వర్డ్ ఫైల్‌లోని నోట్స్ నుంచి ఆ లైన్ కాపీ చేసుకుని అరగంట కుస్తీ పట్టింది. వర్డ్ ఆ కోట్స్‌ను వంకర కోట్స్‌గా మార్చేసింది, పైథాన్‌కు నిలువు కోట్సే కావాలి. చెరిపేసి కీబోర్డు మీద మళ్లీ కొట్టగానే పనిచేసింది. అందుకే మొదటి ప్రోగ్రామ్ కాపీ చేయొద్దు, చేత్తో టైప్ చేయండి.

ఈ ‘హలో, వరల్డ్’ ఆనవాయితీ అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన బ్రయాన్ కెర్నిగన్‌ది. 1972లో బి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పడానికి ఆయన రాసిన పాఠంలో ఈ పలకరింపు ఉంది. 1978లో డెన్నిస్ రిచీతో కలిసి రాసిన సి భాష పుస్తకంతో అందరికీ అలవాటైంది. బి భాషలో ఒక విలువలో నాలుగు అక్షరాలే పట్టేవి, అందుకని ఆ పలకరింపును మూడు ముక్కలు చేయాల్సి వచ్చింది.

మన నమస్కారానికి ఆ ఇబ్బంది లేదు. కానీ పైథాన్ దాన్ని ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే రెండో లైన్ రాయండి: ప్రింట్ బ్రాకెట్‌లో ఎల్, ఇ, ఎన్ (ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టే ఆదేశం) అని చిన్న అక్షరాల్లో కొట్టి, ఇంకో బ్రాకెట్‌లో కోట్స్‌తో సహా నమస్కారం పెట్టి, రెండు బ్రాకెట్లూ మూయండి. మన కంటికి న, మ, స్కా, రం నాలుగే. జవాబు మాత్రం 8 వస్తుంది: న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న. ఇప్పుడు మీ పేరు పెట్టండి. ఎఫ్5 నొక్కే ముందే ఎంత వస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.