సున్నుండ విరిగిపోతే వెంటనే నెయ్యి పోయకండి

ఒడిశాలోని మా బరంపురంలో తెలుగువారి ఇళ్లలో సంక్రాంతికి వారం ముందు నుంచే మినుములు వేగే వాసన వీధిలోకి వస్తుంది. ఆ వారంలోనే ఇరుగుపొరుగు ఎవరో ఒకరు గిన్నెలో పొడిపొడిగా రాలిపోతున్న సున్నుండల పిండి పట్టుకొచ్చి, "పిన్నీ, ఇంకో గరిటెడు నెయ్యి పొయ్యమంటారా?" అని అడుగుతారు. వద్దనే చెబుతాను. సున్నుండలలోనైనా శనగపిండి లడ్డులోనైనా తప్పు పిడికిట్లో బయటపడుతుంది గానీ, చాలావరకు అది మూకుట్లోనో పిండి మరలోనో అంతకుముందే జరిగిపోయి ఉంటుంది. నెయ్యి ఆ తప్పును ఒక పూట కప్పిపెడుతుంది, మర్నాటికి డబ్బా అడుగున పేరుకుని కనిపిస్తుంది.

సున్నుండల గురించి కింద చెప్పేవన్నీ అరకిలో మినుములు, 50 గ్రాముల బియ్యం, 400 గ్రాముల బెల్లం, పావుకిలో నెయ్యి అనే మా ఇంటి కొలతకు సంబంధించినవి. తీపి తక్కువ తినేవారు బెల్లాన్ని 350 గ్రాములకు తగ్గించుకోవచ్చు, అంతకంటే తగ్గిస్తే ఉండ కట్టడం కష్టమవుతుంది.

ఉండ కట్టడం లేదు, కట్టినా రాలిపోతోంది

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కలిపిన పిండిని పిడికిట్లో గట్టిగా నొక్కి, అరచేతిలో ఉంచి, బొటనవేలితో మధ్యలో ఒత్తండి. రెండు ముక్కలుగా విరిగితే పాళం సరిపోయినట్టే, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు నొక్కి కడితే చాలు. ఇసుకలా వేళ్ల సందుల్లోంచి జారిపోతే బెల్లం పిండిలో కలవలేదని అర్థం. విరిగిన చోట రవ్వ పలుకులు కనిపిస్తే పిండి ముతకగా ఆడింది.

మొదటి రకానికి మందేమీ అక్కర్లేదు కాబట్టి రెండోదానికి, అంటే బెల్లం కలవని పిండి సంగతికి వస్తాను. సున్నుండను పట్టి ఉంచేది నెయ్యి ఒక్కటే అనుకుంటాం గానీ, బెల్లంలోని జిగురు, చెమ్మ కూడా అంత పనీ చేస్తాయి. పూర్వం రోట్లో దంచేటప్పుడు రోకటి పోటుకు బెల్లం కొద్దిగా వేడెక్కి పిండిలోకి ఇంకేది. ఇప్పుడు బెల్లాన్ని తురిమి చేత్తో కలిపి ఊరుకుంటున్నాం, పైగా ఆ బెల్లం తరచుగా నిరుటిది, ఎండిపోయినది. దీనికి పరిష్కారం సులువు. పిండి, బెల్లం కలిపి కొద్దికొద్దిగా మిక్సీలో వేసి, రెండు మూడు సార్లు మాత్రం తిప్పి ఆపి తిప్పండి. గిన్నె అంచున పిండి తడిసిన మట్టిలా అంటుకోవడం మొదలైనప్పుడు బెల్లం కలిసిందని తెలుసుకోవాలి. ఆ తరువాతే నెయ్యి కరిగించి, గరిటెడు గరిటెడుగా, ఒక ఉండకు సరిపడే పిండి పక్కకు తీసుకుని దానిలో పోస్తూ కట్టాలి. మొత్తం పిండిలో ఒకేసారి పోస్తే చివరి ఉండలు కట్టేసరికి నెయ్యి చల్లారిపోతుంది, జనవరి పొద్దుల్లో అయితే మరీ త్వరగా.

పిండి ముతకదైతే జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వను మాత్రమే మళ్లీ ఆడించండి. అంతా కలిపి మళ్లీ ఆడిస్తే మెత్తగా ఉన్నది మరీ మెత్తనై, తరువాతి తలనొప్పికి కారణమవుతుంది.

అంగిలికి అంటుకుంటోంది, పచ్చి వాసన వస్తోంది

ఇది అన్నిటికంటే మొండి సమస్య, పొయ్యి దగ్గర ఓపిక లేకపోవడం వల్లనే ఎక్కువగా వస్తుంది. మినపపప్పుకు సహజంగానే జిగురుంటుంది. ఇడ్లీ పిండి పొంగడానికి పనికొచ్చే ఆ జిగురే సరిగా వేగని సున్నుండల పిండిలో ఉమ్మి తగలగానే బంకలా మారి అంగిలికి పట్టుకుంటుంది. సెగ పెద్దదైతే గింజ పైపైన రంగు తిరిగి, లోపల తెల్లగా పచ్చిగానే ఉంటుంది. రంగు చూసి దించేవారు ఇక్కడే మోసపోతారు, పొట్టు మినుములు వేయించేవారైతే నల్లటి పొట్టు వల్ల రంగు అసలే తెలియక మరీ మోసపోతారు.

కాబట్టి కంటిని నమ్మకుండా పంటిని నమ్మండి. అడుగు మందంగా ఉన్న మూకుట్లో, సన్నని సెగ మీద, చేయి ఆపకుండా కలుపుతూ అరకిలోకు ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలప్పుడు ఒక గింజ కొరికితే గట్టిగా, బియ్యపు గింజలా ఉంటుంది. పన్నెండు నిమిషాలప్పుడు విరుగుతుంది గానీ పంటికి అంటుకుంటుంది. పూర్తిగా వేగిన గింజ టక్కున విరిగి, పొడిగా నలిగి, నాలుక మీద కమ్మదనం వదులుతుంది, చీల్చి చూస్తే లోపల కూడా లేత గోధుమరంగు తిరిగి ఉంటుంది. అప్పుడు పొయ్యి ఆపి, మూకుట్లోనే వదిలేయకుండా వెడల్పాటి పళ్లెంలోకి వంచేయాలి, ఎందుకంటే వేడి మూకుడు మరో రెండు మూడు నిమిషాలు వేయిస్తూనే ఉంటుంది, ఆ కాసేపట్లోనే పొట్టు మాడి చేదెక్కుతుంది.

ఆడించిన పిండిలో పచ్చి వాసన తెలిసిందంటే, బెల్లం కలపకముందైతే భయం లేదు. పిండినే పొడి మూకుట్లో సన్నని సెగ మీద ఆరేడు నిమిషాలు వేయించండి. పిండి గింజ కంటే త్వరగా మాడుతుంది కనుక పక్కకు కదలకూడదు. బెల్లం కలిపిన తరువాత మాత్రం పొయ్యి ఎక్కించవద్దు, బెల్లం కరిగి అడుగంటుతుంది. మరో పావుకిలో మినుములు కాస్త ఎక్కువగానే వేయించి ఆడించి దానిలో కలిపితే పచ్చిదనం చాలావరకు మరుగున పడుతుంది.

బియ్యం గురించి ఒక మాట. గుప్పెడు బియ్యం వేయించి కలిపేది ఈ జిగురును విడగొట్టడానికే. అయితే మా గంజాం జిల్లాలో ఇంట్లో ఉండేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం, ఒడియావారు ఉసునా అంటారు. అది ఒకసారి ఉడికి ఎండిన బియ్యం కనుక గట్టిగా ఉండి, ఆడిస్తే పంటికింద పలుకులు మిగులుతాయి. దుకాణంలో అరువా అని అడిగి పచ్చి బియ్యమే తెచ్చుకోండి. మినుములకు బిరి అనే అడగాలని ఇక్కడ కొత్తగా కాపురం పెట్టినవారికి ఎలాగూ రెండో రోజుకే తెలుస్తుంది.

పిండిలో పరాయి వాసన, ఘాటు

ఒక ఏడాది నా సున్నుండలు తిన్న పిల్లలు నీళ్లకోసం పరిగెత్తారు. పిండి మరలో నాకు ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకున్నారు, మరవాడు దులపలేదు, నేను అడగలేదు. అప్పటి నుంచి పొద్దున్నే మొదటి వాయికి వెళుతున్నాను. వెంట గుప్పెడు ఉత్త బియ్యం తీసుకెళ్లి, ముందు అది ఆడించి, ఆ పిండిని పక్కన పడేయించి, తరువాతే నా మినుములు పోయిస్తున్నాను. ఘాటెక్కిన పిండికి మందు లేదు.

మర నుంచి వచ్చిన పిండి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే డబ్బాలో మూత పెట్టి తెస్తే మూతకు చెమట పట్టి, ఆ తడి పిండిలోకే దిగుతుంది. ఇంటికి రాగానే గుడ్డ మీద పరిచి ఆరబెట్టాలి.

మర్నాటికి రాయిలా గట్టిపడింది

పొగలు కక్కే నెయ్యి పోస్తే, లేదా వేడి పిండిలో బెల్లం కలిపితే, బెల్లం కరిగి చల్లారాక పాకం ముద్దలా బిగుసుకుంటుంది. నెయ్యి వేలు ముంచగలిగినంత వేడిలోనే ఉండాలి. గట్టిపడ్డ ఉండలను చితక్కొట్టి, మిక్సీలో పొడిచేసి, గోరువెచ్చని నెయ్యి రెండు మూడు చెంచాలు చిలకరించి తిరిగి కట్టవచ్చు. చలికి నెయ్యి పేరుకుని గట్టిపడిన ఉండలు వేరు, వాటిని కాసేపు ఎండ తగిలేచోట పెడితే మామూలైపోతాయి.

శనగపిండి లడ్డు చదునుగా కూలిపోతోంది

పావుకిలో శనగపిండికి 125 గ్రాముల నెయ్యి వేసి సన్నని సెగ మీద వేయించేటప్పుడు పిండి మూడు దశలు దాటుతుంది. మొదట పొడిపొడిగా, ముద్దముద్దగా ఉంటుంది. తరువాత గరిట తిప్పలేనంత బరువెక్కుతుంది, నెయ్యి చాలలేదని చాలామంది ఇక్కడే మరికాస్త పోస్తారు. ఓపిక పడితే పది నిమిషాల్లో పిండి తనంతట తానే నెయ్యి వదిలి, వదులై, గరిట నుంచి జారుతుంది. మధ్యలో పోసిన ఆ అదనపు నెయ్యే తరువాత లడ్డును కూలుస్తుంది.

రెండో కారణం వేడి పిండిలో పంచదార కలపడం. పంచదార కరిగి అంతా జావైపోతుంది. పిండిలో వేలు హాయిగా పెట్టగలిగినప్పుడు, 180 గ్రాముల పంచదార ఇంట్లోనే పొడి చేసి కలపండి. దుకాణంలో దొరికే మెత్తటి పంచదార పొడిలో గడ్డకట్టకుండా పిండి పదార్థం కలుపుతుంటారు, అది నోట్లో సుద్దలా తగులుతుంది. ఇప్పటికే కూలినదాన్ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి కట్టి చూడండి, అప్పటికీ నిలవకపోతే రెండు మూడు చెంచాల శనగపిండి విడిగా పొడిగా వేయించి కలపండి. పంచదార మాత్రం పెంచవద్దు. అదీ కుదరకపోతే పళ్లెంలో పరిచి ముక్కలు కోసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

లడ్డు పలుకుపలుకుగా రావాలంటే, పిండి వేగి దించబోయే ముందు రెండు చెంచాల నీళ్లు చిలకరించాలి. బుసబుస పొంగుతుంది, ఆ తడి పూర్తిగా ఇగిరిపోయే వరకు మరో రెండు నిమిషాలు కలపాలి. ఇగరకపోతే లడ్డు నాలుగు రోజులకే బూజు పడుతుంది.

ఇక్కడి బజారులో బేసన్ పక్కనే ఛతువా పొట్లాలూ ఉంటాయి. అది వేయించిన శనగలతో, ఒక్కోసారి గోధుమల వంటివీ చేర్చి ఆడించిన పిండి. దాన్ని శనగపిండి అనుకుని మళ్లీ అరగంట వేయిస్తే మాడు రుచి తప్పదు. కొనేముందు వాసన చూస్తే చాలు, ఛతువా వేయించిన వాసన కొడుతుంది.

జీడిపప్పు మెత్తబడింది, ఉండ పప్పు దగ్గరే చీలుతోంది

పలాస దగ్గరే ఉండటం మా అదృష్టం కనుక, మంచి జీడిపప్పు వేయాలనే ఉబలాటంలో గుండు పప్పు తెచ్చి ముక్కలు చేయకుండానే వేస్తాం. 320 రకం అంటే పౌండుకు సుమారు అన్ని పప్పులు తూగుతాయని లెక్క, 240 రకం ఇంకా పెద్దది. అంత పప్పును ఉండ పట్టుకోలేదు, దాని అంచు వెంటే చీలుతుంది. ఉండకు ముక్క పప్పే తగినది, ధర కూడా తక్కువ. గుండు పప్పు పైన అద్దడానికి రెండు గింజలు చాలు.

పప్పు మెత్తబడటానికి కారణం, వేయించిన వేడి మీదే పిండిలో కలపడం. ఆవిరి బయటికి పోలేక పప్పులోనే ఉండిపోతుంది. చెంచా నేతిలో లేత రంగు రాగానే దించి, కాగితం మీద పూర్తిగా చల్లార్చి, చివర్లో కలపండి. చేదుగా, పాత నూనె వాసన వేసే పప్పును వేయించి బాగుచేయలేం. అలాంటిది ఒక్క గుప్పెడు చేరినా డబ్బా అంతా ఆ వాసనే కొడుతుంది కనుక, కలిపే ముందు రెండు పలుకులు నమలడం అలవాటు చేసుకోండి. వేరుశనగ పప్పైతే పొట్టు పూర్తిగా తీసేయాలి.

పైన చెమ్మ, బూజు

గోపాలపూర్ సముద్రం మా ఊరికి దగ్గర. వర్షాకాలంలో గాలి తడికి బెల్లం తనంతట తానే చెమ్మగిలుతుంది, ఆ చెమ్మతోనే ఉండలు జిగటెక్కుతాయి. ఆ రోజుల్లో సగం కొలతే చేయండి, స్టీలు డబ్బాలో పెట్టి, తడి చేయి తగలనీయకండి. బూజు కనిపిస్తే ఆ ఉండను గీకి తినడం మంచిది కాదు, పారేయాలి. విరిగిపోయినవి, ఆకారం చెడినవి మాత్రం పారేయనక్కర్లేదు. గ్లాసు పాలు మరిగించి, దించి కాస్త చల్లారాక, రెండు ఉండలు చిదిమి వేసి కలిపితే బెల్లానికి పాలు విరగకుండా చక్కని జావ అవుతుంది.