అమెరికాలో డెంటల్ హైజీన్ కోర్సు: దరఖాస్తు విధానం, ముందు చదవాల్సినవి, చేరాక చదివేవి

డెంటల్ హైజీన్, అంటే డెంటల్ ఆఫీసులో పళ్లు శుభ్రం చేసే హైజీనిస్ట్ పని నేర్పే చదువు, రెండేళ్ల కోర్సు అని కాలేజీల బ్రోషర్లలో ఉంటుంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ రెండేళ్లు మొదలయ్యేలోపు ప్రీరిక్విజిట్లకే, అంటే ముందుగా పాసవ్వాల్సిన క్లాసులకే, ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఈ సంగతి బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించదు. సీటు వస్తుందా రాదా అన్నది కూడా చాలావరకు ఆ దశలోనే తేలిపోతుంది. ఫారం నింపడం చివరి పని. అందుకే ఈ కోర్సు మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒక్క క్లాసుకి కూడా రిజిస్టర్ కాకముందే, తాము వెళ్లగలిగిన రెండు మూడు కాలేజీల అడ్మిషన్ నియమాలు, ముఖ్యంగా సీట్లు ఇవ్వడానికి వాడే పాయింట్ల పట్టిక, ముందేసుకుని కూర్చోవాలి.

ముందు గుర్తింపు చూడండి

ప్రోగ్రామ్‌కి కోడా గుర్తింపు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. కోడా అంటే కమిషన్ ఆన్ డెంటల్ అక్రెడిటేషన్. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆధ్వర్యంలో 1975 నుంచి పనిచేస్తోంది. దాని వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా ప్రోగ్రామ్‌ల జాబితా ఉంటుంది. గుర్తింపు లేని చోట చదివితే దాదాపు ఏ రాష్ట్రంలోనూ లైసెన్స్ రాదు. అలబామాది మాత్రం వేరే దారి. అక్కడ డెంటిస్ట్ దగ్గర పనిచేస్తూ నేర్చుకునే రాష్ట్ర ప్రోగ్రామ్ ఒకటి ఉంది. ఆ దారిలో వచ్చిన లైసెన్స్‌తో వేరే రాష్ట్రానికి మారడం కష్టం.

కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ, యూనివర్సిటీలో బ్యాచిలర్స్ డిగ్రీ, రెండూ ఉన్నాయి. లైసెన్స్ ఒకటే, నోటిలో చేసే పనీ ఒకటే. టీచింగ్, పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి బ్యాచిలర్స్ పనికొస్తుంది. దాన్ని లైసెన్స్ వచ్చాక, ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకునే డిగ్రీ కంప్లీషన్ ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. ఖర్చు చూసుకునేవాళ్లు ముందు కమ్యూనిటీ కాలేజీకి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రీరిక్విజిట్లు: అసలు పోటీ ఇక్కడే

కాలేజీ కాలేజీకీ కొద్దిగా మారినా ప్రధాన సబ్జెక్టులు ఇవే: అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ. అన్నీ ల్యాబ్‌తో సహా చదవాలి. ల్యాబ్ క్లాసులు సాధారణంగా తలా నాలుగు క్రెడిట్లు. వీటితోపాటు ఇంగ్లీష్ కాంపోజిషన్, సైకాలజీ, సోషియాలజీ, స్పీచ్, చాలాచోట్ల ఒక మ్యాథ్ లేదా స్టాటిస్టిక్స్ క్లాసు. కొన్ని కాలేజీలు న్యూట్రిషన్ కూడా ముందే అడుగుతాయి.

ఈ క్లాసులన్నీ ఒకే సెమిస్టర్‌లో తీసుకోవడం కుదరదు. అనాటమీ మొదటి భాగం అయితేగానీ రెండో భాగంలోకి రానివ్వరు. కొన్ని కాలేజీల్లో మొదటి భాగానికి ముందే జనరల్ బయాలజీ ఉండాలంటారు, మైక్రోబయాలజీకీ అలాంటి షరతే ఉండొచ్చు. అంటే సైన్స్ వరుసకే రెండు మూడు సెమిస్టర్లు పోతాయి. ఫలానా ఏడాది ఫాల్‌లో (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టర్‌లో) చేరాలనుకుంటే ఆ దరఖాస్తు గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుని మొదటి సైన్స్ క్లాసు ఎప్పుడు పెట్టుకోవాలో తేల్చుకోండి. గడువు నాటికి ప్రీరిక్విజిట్లన్నీ పూర్తయి గ్రేడ్లు వచ్చేసి ఉండాలని కొన్ని కాలేజీలు పట్టుబడతాయి. ఒకటో రెండో ఇంకా జరుగుతున్నా పర్వాలేదని, పాసైతేనే సీటు ఖాయమని కొన్ని అంటాయి.

మూడు షరతుల దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. కనీస గ్రేడ్ చాలాచోట్ల సి. ఇది దరఖాస్తు పెట్టుకోవడానికి అర్హత మాత్రమే, సీటు తెచ్చిపెట్టే గ్రేడ్ కాదు. పోటీ ఉన్న కాలేజీలో సైన్స్‌లో సి వస్తే చాలావరకు ఆశ వదులుకోవాల్సిందే. రెండోది కాలపరిమితి: సైన్స్ క్లాసులు గత ఐదేళ్లలోనో ఏడేళ్లలోనో చదివినవై ఉండాలని చాలా కాలేజీల నియమం. పదేళ్ల కిందట వచ్చిన ఎ గ్రేడ్ కూడా అప్పుడు చెల్లదు. మూడోది మళ్లీ తీసుకునే అవకాశం: కొన్ని కాలేజీలు ఒక సైన్స్ క్లాసుని రెండుసార్లకి మించి లెక్కలోకి తీసుకోవు, కొన్ని మధ్యలో వదిలేసిన క్లాసుని కూడా ఒక ప్రయత్నంగానే చూస్తాయి. గ్రేడ్ బాగా రాదేమోనన్న టెన్షన్‌లో డబ్ల్యూ తీసుకునే (క్లాసుని మధ్యలో వదిలేసే) ముందు ఈ నియమం చదవాలి.

జీపీఏ అంటే గ్రేడ్ల సగటు: ఎకి 4, బికి 3, సికి 2 పాయింట్లు. లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. నాలుగు సైన్స్ క్లాసుల్లో రెండు ఎ, రెండు బి వస్తే సైన్స్ జీపీఏ 3.5. ఒక బి సి అయితే 3.25కి పడిపోతుంది. నాలుగే క్లాసులు కాబట్టి ఒక్క గ్రేడ్ మారినా లెక్క బాగా కదులుతుంది. ఉద్యోగం చేసుకుంటూ అనాటమీ, కెమిస్ట్రీ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకుని రెండింట్లో బి తెచ్చుకోవడం కంటే, ఒక సెమిస్టర్ ఆలస్యమైనా విడివిడిగా చదివి ఎ తెచ్చుకోవడమే లాభం. జనరల్ ఎడ్యుకేషన్ క్లాసులు మాత్రం వీలైనన్ని ముందే ముగించుకోండి. చేరాక చదువుకోవచ్చని కాలేజీ అన్నా సరే, చేరాక ఊపిరాడదు.

ఇండియాలో చదివినవాళ్లకి

ఇంటర్ బైపీసీలో చదివిన జువాలజీ, కెమిస్ట్రీ ఇక్కడ హైస్కూల్ కిందే లెక్క. కాలేజీ క్రెడిట్లు రావు. డిగ్రీలో చదివిన మైక్రోబయాలజీ, ఇంగ్లీష్ లాంటివి వాడుకోవాలంటే నాసెస్ (విదేశీ చదువుల్ని మూల్యాంకనం చేసే సంస్థల సంఘం) సభ్యత్వం ఉన్న సంస్థతో సబ్జెక్టులవారీ మూల్యాంకనం చేయించుకోవాలి. డిగ్రీ మొత్తాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసే సాధారణ రిపోర్టు ఇందుకు పనికిరాదు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు రావడానికే నెలలు పట్టొచ్చు కాబట్టి ఇది అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని. రిపోర్టు వచ్చాక ఏది ఒప్పుకోవాలన్న నిర్ణయం కాలేజీదే. సైన్స్ విషయంలో కాలపరిమితి అడ్డొస్తుంది గనక మళ్లీ ఇక్కడే చదవాల్సి రావడం మామూలే. ఇంగ్లీష్ పరీక్ష స్కోరు అడగొచ్చు.

హెచ్ 4 (డిపెండెంట్) వీసాలో ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, దానికి ఎఫ్ 1 (విద్యార్థి) వీసాకి మారనక్కర్లేదు. ఫెడరల్ ఆర్థిక సహాయం మాత్రం పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, మరికొన్ని వర్గాలకే. లైసెన్స్ వచ్చినా పని అనుమతి లేకుండా ఉద్యోగం చేయడం కుదరదు. మూడు నాలుగేళ్లు, అంత ఫీజు పెట్టే ముందు ఈ విషయం ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. ఇండియాలో బీడీఎస్ చేసినవాళ్లయితే ముందు తామున్న రాష్ట్ర డెంటల్ బోర్డు నియమాలు చూడాలి. విదేశీ డెంటల్ డిగ్రీతో హైజీనిస్ట్ లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకునే దారి ఫ్లోరిడా చట్టంలో ఉంది. అన్ని రాష్ట్రాల్లోనూ అలా లేదు.

దరఖాస్తు

కమ్యూనిటీ కాలేజీలో దరఖాస్తులు రెండు ఉంటాయి. ఒకటి కాలేజీలో చేరడానికి, ఇంకొకటి విడిగా డెంటల్ హైజీన్ ప్రోగ్రామ్‌కి. మొదటిది ఎవరికైనా దొరుకుతుంది. కాలేజీ విద్యార్థి అయినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. కొన్ని ప్రోగ్రామ్‌లు ఏడియా డీహెచ్‌కాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా తీసుకుంటాయి, మిగతావి సొంత ఫారం ద్వారా. ఫాల్‌లో మొదలయ్యే ప్రోగ్రామ్‌లకి గడువు చాలాచోట్ల ఆ ఏడాది మొదటి నెలల్లోనే ముగుస్తుంది.

ఫారంతోపాటు చదివిన ప్రతి కాలేజీ నుంచి అధికారిక ట్రాన్‌స్క్రిప్టులు వెళ్లాలి. ఒక్క సెమిస్టర్ చదివి వదిలేసిన కాలేజీ అయినా సరే, దాచకూడదు. దాంతోపాటు కొన్నిచోట్ల టీస్ లేదా హెసి ఏ2 ప్రవేశ పరీక్ష స్కోరు అడుగుతారు. డెంటల్ ఆఫీసులో హైజీనిస్ట్ పక్కన కూర్చుని గమనించిన గంటలకి సంతకం చేసిన ఫారం, సిఫారసు లేఖలు, వ్యాసం, ఇంటర్వ్యూ, ముందుగా ఇన్ఫర్మేషన్ సెషన్‌కి హాజరు కావడం లాంటివి కాలేజీని బట్టి ఉంటాయి. గమనించే గంటల్ని లాంఛనంగా చూడకండి. రోజంతా మెడ వంచి, చేతి వేళ్ల బలంతో చేసే పని ఇది. ఒంటికి సరిపడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

సీట్లు తక్కువగా ఉండటానికి కారణం క్లినిక్ కుర్చీలే. ఎన్ని కుర్చీలు, ఎంతమంది బోధకులు ఉంటే అంతమందినే తీసుకోగలరు. అందుకని పాయింట్లు పెడతారు: సైన్స్ జీపీఏకి ఎక్కువ బరువు, మొత్తం జీపీఏ, ప్రవేశ పరీక్ష, డెంటల్ అసిస్టెంట్‌గా చేసిన అనుభవం, అప్పటికే ఉన్న డిగ్రీ, కొన్నిచోట్ల స్థానిక నివాసం. ఏ కాలేజీ దేనికి ఎంత ఇస్తుందో ముందే తెలుసుకుంటే ఎక్కడ కష్టపడాలో తెలుస్తుంది. కొన్ని కాలేజీలు పోటీ కాకుండా వెయిటింగ్ లిస్టు పద్ధతి నడుపుతాయి. ఒక్క కాలేజీనే నమ్ముకోవద్దు.

సీటు వచ్చాక డిపాజిట్ కట్టాలి, నేర చరిత్ర తనిఖీ, చాలాచోట్ల డ్రగ్ పరీక్ష, హెల్త్‌కేర్ వాళ్ల స్థాయి సీపీఆర్ సర్టిఫికెట్, టీకాల వివరాలు ఇవ్వాలి. హెపటైటిస్ బి మామూలు మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి సీటు కోసం ఎదురుచూడకుండా ముందే మొదలెట్టండి. ఇంకో సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నవాళ్లకి టీబీ చర్మ పరీక్ష జబ్బు లేకున్నా పాజిటివ్ రావచ్చు. దానికి బదులు రక్త పరీక్ష చేయమని డాక్టర్‌ని అడగండి, అనవసరమైన ఎక్స్‌రేలు, కంగారు తప్పుతాయి.

చేరాక

మొదటి సెమిస్టర్‌లోనే పంటి ఆకృతి, తల మెడ అనాటమీ, నోటి కణజాలాలు, రేడియోగ్రఫీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వచ్చి పడతాయి. ప్రీక్లినిక్‌లో ఎక్స్‌ప్లోరర్, ప్రోబ్, స్కేలర్, క్యూరెట్ అనే పనిముట్లు పట్టుకోవడం ముందు టైపోడాంట్ అనే కృత్రిమ దంతాల నమూనా మీద, తర్వాత తోటి విద్యార్థుల నోట్లో నేర్పుతారు. మీరూ వాళ్లకి పేషెంటే. లోకల్ అనస్థీషియా నేర్పే ప్రోగ్రామ్‌లలో ఇంజెక్షన్ కూడా ఒకరికొకరు ఇచ్చుకుంటారు. సూది అంటే భయపడేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

తర్వాత పెరియోడాంటాలజీ (చిగుళ్ల వ్యాధుల శాస్త్రం), ఫార్మకాలజీ (మందుల శాస్త్రం), నోటి వ్యాధుల పాథాలజీ, డెంటల్ మెటీరియల్స్, నొప్పి నియంత్రణ, ప్రత్యేక అవసరాలున్న పేషెంట్ల సంరక్షణ, చట్టం, నైతిక నియమాలు. కమ్యూనిటీ డెంటల్ హెల్త్‌ని తేలిక సబ్జెక్టుగా చూస్తారు గానీ ఈ వృత్తి పుట్టిందే దానితో. 1913లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో డాక్టర్ ఆల్ఫ్రెడ్ ఫోన్స్ పెట్టిన మొదటి తరగతుల్లో శిక్షణ పొందినవాళ్లు ఆ ఊరి బడిపిల్లల పళ్లు చూడటానికే వెళ్లారు.

క్లినిక్ గంటలు క్రమంగా పెరుగుతాయి. పేషెంట్లని చూడటం మొదలెట్టాక వారానికి 8 నుంచి 12 గంటలు, చివరి ఏడాదిలో 12 నుంచి 16 గంటలు ఉండాలని కోడా మార్గదర్శకం. ఇక్కడ చాలామంది ఊహించని కష్టం ఒకటుంది: పేషెంట్లని విద్యార్థులే వెతుక్కోవాల్సిన ప్రోగ్రామ్‌లు ఎక్కువ. ఎవరో ఒకరు దొరికితే చాలదు. గార తక్కువున్నవాళ్లు ఇంతమంది, బాగా పేరుకుపోయినవాళ్లు ఇంతమంది, పిల్లలు, పెద్దవాళ్లు, చిగుళ్ల వ్యాధి ఉన్నవాళ్లు, ఇలా లెక్క ఉంటుంది. చుట్టాలు, స్నేహితులు, గుడిలో పరిచయమైనవాళ్లు అందర్నీ అడగాల్సి వస్తుంది. విద్యార్థి ఒక్క పేషెంట్‌కి గంటలకొద్దీ సమయం తీసుకుంటారు కాబట్టి వచ్చినవాళ్లు రెండోసారి రాకపోవడమూ ఉంటుంది. చేరేముందే కాలేజీని దీని గురించి అడగండి.

క్లాసుల్లో పాస్ మార్కు చాలాచోట్ల 75 శాతం. ఒక్కో క్లాసు ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది కాబట్టి ఒకటి తప్పితే తర్వాతి బ్యాచ్ దాకా ఆగాలి. ట్యూషన్ ఫీజు కాక పనిముట్ల కిట్, లూప్స్ (పెద్దవిగా చూపించే కళ్లద్దాలు), యూనిఫాం, పరీక్ష ఫీజులు వేల డాలర్లలో ఉంటాయి. మొత్తం ఖర్చు పట్టిక కాలేజీ ఇస్తుంది, అడిగి తీసుకోండి. పూర్తి సమయం ఉద్యోగం చేసుకుంటూ చదవడం దాదాపు అసాధ్యం.

చదువు చివర్లో నేషనల్ బోర్డు డెంటల్ హైజీన్ పరీక్ష రాయాలి. 350 ప్రశ్నలు: 200 విడి ప్రశ్నలు, 150 పేషెంట్ కేసుల మీద. పాస్ స్కోరు 75. ఇది స్కేల్ చేసిన స్కోరు, నూటికి డెబ్బై ఐదు అని కాదు. దీని తర్వాత రాష్ట్రం అంగీకరించే క్లినికల్ పరీక్ష, చాలా రాష్ట్రాల్లో అక్కడి డెంటల్ చట్టాల మీద చిన్న పరీక్ష, చివరికి రాష్ట్ర డెంటల్ బోర్డుకి లైసెన్స్ దరఖాస్తు. ఏ క్లినికల్ పరీక్షని ఏ రాష్ట్రం ఒప్పుకుంటుందో, లోకల్ అనస్థీషియాకి విడిగా పర్మిట్ కావాలో బోర్డు వెబ్‌సైట్‌లో ఉంటుంది. జీవిత భాగస్వామి ఉద్యోగం వల్ల రాష్ట్రం మారే అవకాశం ఉన్నవాళ్లు పరీక్షకి రిజిస్టర్ అయ్యేముందు ఆ రెండో రాష్ట్రం బోర్డు పేజీ కూడా తెరిచి చూడాలి.