వృద్ధాశ్రమంలో చేర్చే ముందు భవనాన్ని ఎలా పరిశీలించాలి?

తల్లిదండ్రుల కోసం వృద్ధాశ్రమం వెతికేటప్పుడు నెలకు ఎంత కట్టాలి, భోజనం ఎలా ఉంటుంది, డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తారు అని అందరూ అడుగుతారు గానీ, భవనాన్ని మాత్రం శుభ్రంగా ఉందో లేదో చూసి వదిలేస్తారు. పెద్దవారు తమ పనులు తాము ఎన్నాళ్లు చేసుకోగలరు, నలుగురిలో కలుస్తారా లేక గదికే పరిమితమవుతారా అన్నది చాలావరకు ఆ కట్టడం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ముందు హాలులోనే ఆగిపోకుండా లోపలంతా తిరిగి చూడాలి.

పరిశీలన మంచం నుంచి మొదలుపెట్టండి. నిర్వాహకుల అనుమతి తీసుకుని ఒకసారి పడుకుని, దిండు మీద నుంచి బాత్‌రూం తలుపు కనబడుతోందా, చెయ్యి చాపితే లైటు స్విచ్చి అందుతోందా చూడండి. నీళ్లు గదిలోకి రాకుండా బాత్‌రూం గుమ్మం దగ్గర చిన్న గట్టు కట్టడం మన దగ్గర అలవాటు. నిద్రమత్తులో కాళ్లీడ్చుకుంటూ వెళ్లే మనిషి పడిపోవడానికి ఆ అంగుళం ఎత్తు చాలు. గట్టు తీసేసి, నేలకు వాలు ఇచ్చి, గుమ్మం పొడవునా జాలీ కాలువ పెడితే నీళ్లు బయటికి రావు. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడిపోయిన మనిషే దానికి అడ్డమై బయటివారు తీయలేకపోతారు, కనుక అది బయటికి తెరుచుకునేదై ఉండాలి. కమోడ్ పక్కనున్న కడ్డీని గట్టిగా లాగి చూడండి. తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మనిషి బరువును ఆపదు.

కొలతల టేపు వెంట ఉంచుకోండి. తలుపు తెరిచాక 90 సెంటీమీటర్ల దారి, చక్రాల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటు ఉండాలి. ర్యాంపు అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి.

వెలుతురు విషయంలో రాజీ పడవద్దు. నెదర్లాండ్స్‌లోని 12 సంరక్షణ గృహాల్లో పగలంతా సుమారు 1,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుగు ఉండేలా దీపాలు అమర్చి చూసినప్పుడు, మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులలో దిగులు లక్షణాలు తగ్గాయనీ, జ్ఞాపకశక్తి క్షీణత కొంత నెమ్మదించిందనీ 2008లో వెలువడిన అధ్యయనం తెలిపింది. మనకు ఎండకు కొరత లేదు. కావలసింది మంచం మీద నుంచి కూడా చెట్టో వీధో కనబడేంత కిందికి దించిన కిటికీ. అయితే అదే వెలుతురు నున్నటి టైల్స్ మీద పడి మెరిస్తే, చూపు మందగించిన వారికి అక్కడ నీళ్లున్నట్టు అనిపించి అడుగు వేయడానికి జంకుతారు. మతిమరుపు ఉన్నవారికి నల్లటి కాళ్లపట్టా గుంటలా కనబడవచ్చు. అందుకే మెరుపు లేని, ఒకే రంగు నేల మంచిది.

కుర్చీలు ఎలా వేశారో తప్పక గమనించండి. కెనడాలోని సస్కాచవాన్‌లో ఒక వృద్ధుల వార్డులో గోడల వెంట వరుసగా ఉన్న కుర్చీలను బల్లల చుట్టూ వేయించాక మాటామంతీ దాదాపు రెట్టింపైందని రాబర్ట్ సామర్, హ్యూ రాస్ అనే పరిశోధకులు 1958లోనే రాశారు. పైసా ఖర్చు లేని ఈ మార్పు మన ఆశ్రమాల్లో ఇంకా ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

ఎంతమంది ఒకచోట ఉంటున్నారన్నదీ ముఖ్యమే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం జిల్లాకొక ఆశ్రమమైనా ఉండాలనీ, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండాలనీ చెబుతుంది. ఆ 150 మందినీ ఒకే పొడవాటి నడవాలో ఉంచనక్కరలేదు. పదిమందికొక భోజనాల గది, ఒక వరండా చొప్పున విడదీయవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ సమీపంలోని వేస్ప్‌లో 2009లో తెరిచిన హోగెవేక్ అనే సంరక్షణ గ్రామంలో మతిమరుపు ఉన్నవారు ఇంటికి ఆరేడుగురు చొప్పున ఉంటూ వీధుల్లో, తోటల్లో స్వేచ్ఛగా తిరుగుతున్నారు. అంత వసతి లేనిచోట కనీసం ప్రతి గది తలుపుకూ వేరే రంగు వేసి, ఉండేవారి పాత ఫొటో తగిలిస్తే తమ గదిని తాము పోల్చుకోగలుగుతారు.

నిర్ణయించుకునే ముందు అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లి, వారిని ముందు నడవనిచ్చి మీరు వెనక ఉండండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ గోడ పట్టుకున్నారో రాసుకుని, ఆ చోట్లను ఎప్పటిలోగా సరిచేస్తారో డబ్బు కట్టకముందే నిర్వాహకుల చేత రాయించుకోండి.