సిజేరియన్ తర్వాత మళ్లీ ట్రాక్ ఎక్కడం ఎలా

జమైకా పరుగుల రాణి షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ కొడుకు జయాన్ 2017 ఆగస్టు 7న సిజేరియన్‌తో పుట్టాడు. లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల ఫైనల్ జరిగింది దానికి ముందురోజే. ఆ టైటిల్ అప్పటిదాకా ఆమెదే. దాన్ని 2019 సెప్టెంబరులో దోహాలో, 32 ఏళ్ల వయసులో, 10.71 సెకన్లలో పరుగెత్తి మళ్లీ గెలుచుకుంది. బాబును ఎత్తుకుని ట్రాక్ మీద తిరిగిన ఆమె ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ కాన్పుకూ ఈ గెలుపుకూ మధ్య రెండేళ్లు దాటాయి. బాలింతలు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఈ లెక్కే.

నేను గుర్తుపెట్టుకోలేదు. హనుమకొండలో 400 మీటర్లు పరుగెత్తేదాన్ని. పాప పుట్టిన ఏడో వారంలో, పైకి కుట్లు మానాయి కదా అని స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) వేసుకున్నాను. వంద మీటర్లు పోకముందే మూత్రం చుక్కలు పడ్డాయి. సిగ్గుపడి నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. మీకూ అలా అయితే దాచకండి. గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి మోసే కండరాలకు ఇంకా బలం రాలేదని అర్థం. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే చాలావరకు తగ్గుతుంది.

డాక్టరు సరేనన్నాక నడకతో మొదలుపెట్టండి. ఆ కండరాలకు వ్యాయామం కూర్చునే చేయొచ్చు: మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, ఐదు లెక్కపెట్టి, పూర్తిగా వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి మాత్రం బిగబట్టకండి. నేను పాపకు పాలిచ్చేటప్పుడు చేసేదాన్ని, అందుకే మర్చిపోలేదు.

12 వారాల లోపు పరుగు వద్దు. ఆ తర్వాత కూడా ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. అరగంట చురుగ్గా నడవాలి. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడాలి. ఉన్నచోటే ఒక నిమిషం జాగింగ్ చేయాలి. ఒక్కో కాలి మీద పదిసార్లు గెంతాలి. వీటిలో దేనికైనా నొప్పి వచ్చినా, చుక్క పడినా, కింద బరువుగా లాగినట్టున్నా ఇంకొన్ని వారాలు ఆగాలి.

అన్నీ దాటితే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం 20 నిమిషాలు, వారానికి మూడు రోజులు. ముందు సమయం పెంచండి, వేగం సంగతి తర్వాత. రెండోసారి నేను స్పైక్స్ బయటికి తీసింది తొమ్మిదో నెలలో. ఈలోపు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. కాన్పులో రక్తం పోయినవాళ్లకు ఆయాసం ఊపిరితిత్తుల వల్లే అనుకోవడానికి లేదు, రక్తహీనత వల్ల కూడా కావచ్చు.

పాలిచ్చే తల్లులు బిడ్డకు పట్టాకే బయల్దేరండి. నిండు రొమ్ములతో పరుగెత్తితే నొప్పితో ప్రాణం పోయినట్టుంటుంది. గట్టి స్పోర్ట్స్ బ్రా కొనడానికి వెనకాడకండి.

మా అత్తమ్మ మొదట "బాలింతకు పరుగులేంటమ్మా" అంది. పాపను ఇచ్చి ఆమెనూ గ్రౌండ్‌కు తీసుకెళ్లాను. గ్యాలరీ మెట్ల మీద నీడలో కూర్చునేది. పాప ఏడిస్తే కొంగు ఊపేది, నేను ల్యాప్ మధ్యలోనే ఆపి వెళ్లి పాలిచ్చి, మిగతాది మర్నాడు పరుగెత్తేదాన్ని.