థార్‌కు వెళ్లే ముందు హైదరాబాద్‌లో నాలుగు ఆదివారాలు

మొదటిసారి థార్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్లినప్పుడు మూడు రోజుల్లో పదకొండు వందల ఫోటోలు తీశాను. మలక్‌పేటలో మా ఇంటికి తిరిగొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే, కళ్లారా బంగారంలా చూసిన ఇసుక తడిసిన సిమెంటు రంగులో ఉంది. మనుషుల ఫోటోల్లో అందరూ బిగుసుకుపోయి నిలబడ్డారు. జూమ్ లెన్స్ తిప్పితే లోపల ఇసుక కరకరమంటోంది. లెన్స్ బాగుచేయించడానికి డబ్బులయ్యాయి కానీ, అంత దూరం వెళ్లి చూసినదాన్ని ఇంటికి తెచ్చుకోలేకపోయానన్న బాధే నాకు ఎక్కువగా ఉండేది.

రెండేళ్ల తర్వాత జనవరిలో మళ్లీ వెళ్లాను. ఈసారి బయల్దేరే ముందు నాలుగు ఆదివారాలు హైదరాబాద్‌లోనే కెమెరా పట్టుకుని తిరిగాను. ఎడారిలో ఫోటోలకు అవసరమయ్యే పనితనమంతా మన ఊళ్లో సిటీ బస్సెక్కి వెళ్లే దూరంలోనే నేర్చుకోవచ్చు. ఈ చలికాలం రాజస్థాన్‌కు టికెట్లు తీసుకున్నవాళ్లు నేను చేసినట్టు చేసి చూడండి. పెద్ద కెమెరా లేకపోయినా ఫర్వాలేదు, ఇందులో సగానికి పైగా ఫోన్‌తో కూడా కుదురుతుంది.

తెల్ల గోడ ముందు ఒక పొద్దు

మొదటి ఆదివారం సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులకు వెళ్లండి. నిజాముల కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న పైగా వంశం వాళ్ల సమాధులవి. తెల్లటి గచ్చు మీద తీగలు, పూలు, జాలీలు (చిల్లుల తెరలు) ఎంత సన్నగా చెక్కారో చూస్తుంటే టైం తెలియదు. జనం తక్కువ కాబట్టి, కెమెరా బటన్లు వెతుక్కుంటూ నిలబడ్డా ఎవరికీ అడ్డం రాం.

ఫ్రేమంతా తెల్ల గోడే నిండేలా, కెమెరాను ఆటో సెట్టింగులో పెట్టి ఒక ఫోటో తీయండి. గోడ బూడిద రంగులో వస్తుంది. కెమెరాలోని మీటరుకు అది తెల్ల గోడ అని తెలియదు. ముందు ఏముంటే దాన్ని నలుపుకీ తెలుపుకీ నడిమి రంగు అనుకుని వెలుగు కొలుస్తుంది. అందుకే తెల్లటిది ఎదురైతే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. నా ఇసుక సిమెంటులా మారింది ఇందుకే. ఇప్పుడు ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 దగ్గర పెట్టి అదే గోడను మళ్లీ తీయండి. ఫోన్‌లో అయితే తెర మీద కనిపించే గోడను వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. గోడ తెల్లబడుతుంది. ఈ ఒక్క ఫోటోను కళ్లతో చూసి తెలుసుకుంటే ఇసుక దగ్గర మళ్లీ టెన్షన్ ఉండదు.

వెంటనే జాలీ ఉన్న చోటికి వెళ్లండి. కింద నీడ, ఆ నీడలో చిన్న చిన్న వెలుగు గళ్లు. ఇక్కడ మీటరు చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, గళ్లు పాలిపోయి వాటి అంచులు పోతాయి. ఈసారి -1 కి దించాలి. ఎండలో తెర మీద కనిపించే వెలుగును నమ్మకండి, హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఫోటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో ఎడమ నుంచి కుడికి చూపే గ్రాఫ్. తెల్లటి వాటికి ఆ గ్రాఫ్ కుడి అంచు దగ్గరికి రావాలి, కానీ అంచును గుద్దుకుని గోడలా పైకి లేవకూడదు.

రెండు గంటలు ఇదే చేయండి. విసుగొస్తుంది, అయినా మానకండి. వేలు చూడకుండానే ఆ డయల్ మీదికి వెళ్లేదాకా చేయాలి. సూర్యోదయం రోజు మీ చేతిలో ఉండేది ఇరవై నిమిషాలే.

చార్మినార్ చూపించే దిక్కులు

రెండో ఆదివారం ఇంకా చీకటి ఉండగానే చార్మినార్ చేరుకోండి. 1591లో కట్టిన ఆ కట్టడం నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు తిరిగి ఉన్నాయి. వెలుగు గురించి నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి దిక్సూచి లేదు. లాడ్‌బజార్ పడమటికి వెళ్తుంది. పొద్దున ఆ గల్లీలోకి నడిస్తే ఎండ మన వీపు వెనక నుంచి వస్తుంది, గోడల రంగులు ఉన్నవి ఉన్నట్టు పడతాయి. సాయంత్రం అదే గల్లీలో ఎండ ఎదురుగా వస్తుంది, మనుషులు నల్లటి ఆకారాలైపోయి వాళ్ల చుట్టూ వెలుగు గీత కనిపిస్తుంది. ఉత్తరం వైపు గుల్జార్ హౌజ్ దాటి పత్తర్‌గట్టీకి వెళ్తే ఎండ పక్క నుంచి పడుతుంది. పొద్దున పడమటి వైపు రాతి కమాన్లు వెలిగిపోతుంటే, తూర్పు వైపువి పూర్తిగా నీడలో ఉంటాయి.

ఈ మూడింటిలో ఎడారికి బాగా పనికొచ్చేది పక్క నుంచి పడే వెలుగు. రాయి గరుకుతనం, ఇసుక మీది అలలు కనిపించేది అందులోనే. పత్తర్‌గట్టీలో ఒక స్తంభం ఎంచుకుని ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి అదే చోట నిలబడి తీయండి. మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఎడారిలో తొమ్మిది దాటాక కెమెరా ఎందుకు లోపల పెట్టేయాలో అర్థమవుతుంది.

ఆ పొద్దంతా కలిపి 36 ఫోటోలకు మించి తీయకూడదని నియమం పెట్టుకోండి. పాత ఫిల్ము రోల్‌లో ఉండే లెక్క అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. ఒక పలకకు ఒకటే ఫోటో, ఆ పలకలు, పెద్ద కెమెరా మోసుకుంటూ వెళ్లాలి. ఆయన తీసిన హైదరాబాద్ ఫోటోల్లో ఏ మూలా అనవసరమైనది కనిపించదు. 36 అని హద్దు గీసుకున్న రోజు నేనూ ముందు నాలుగు మూలలూ చూసి, తర్వాతే బటన్ నొక్కాను.

చార్మినార్, గోల్కొండ లాంటి ఆర్కియాలజికల్ సర్వే రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మక్కా మసీదులో నమాజు వేళ కెమెరా బయటికి తీయకండి, మిగతా సమయంలో కూడా అక్కడి సిబ్బందిని అడిగాకే తీయండి.

మనుషులను తీయడం

ఇది అన్నిటికన్నా కష్టం, నాకు అన్నిటికన్నా ఇష్టం కూడా. మూడో ఆదివారం మొత్తం దీనికే పెట్టండి. దుకాణాలు తెరిచేసరికి పొద్దెక్కుతుంది కాబట్టి ఆలస్యంగా వెళ్లినా ఏం కాదు.

సెట్టింగుల గొడవ ముందే తేల్చేసుకోండి. 35 ఎంఎం లెన్స్, అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్ 8, షట్టర్ (తెరుచుకుని ఉండే సమయం) 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలన్న లెక్క) ఆటో. ఫోకస్‌ను మాన్యువల్‌గా మూడు మీటర్ల దగ్గర ఆపేయండి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అయితే సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇక కెమెరా ఫోకస్ వెతుక్కునేదాకా ఆగక్కర్లేదు, మీ కళ్లు మనిషి మీదే ఉంటాయి.

లాడ్‌బజార్ పక్క గల్లీలో ఒకాయన లక్క గాజులు చేస్తున్నారు. ముందు కుంపటి. లక్కను దాని మీద వేడిచేసి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, ఇంకా మెత్తగా ఉండగానే సన్నటి రాళ్లు అతికిస్తారు. నేను కెమెరా బ్యాగులోంచి తీయకుండా కాసేపు చూశాను. మా అక్క కూతురి కోసం ఒక జత గాజులు కొన్నాను. ఆయన "బైఠో ఆపా" అని స్టూలు జరిపారు. అప్పుడు అడిగాను, "భాయ్, ఫోటో లేలూఁ?" అని. తలూపారు.

మొదటి నాలుగు ఫోటోల్లో ఆయన కెమెరా వైపే చూస్తూ నవ్వారు. నేను తొందరపడలేదు. లక్క చల్లారితే రాయి అతుక్కోదు కాబట్టి ఆయన చూపు పని మీదికి వెళ్లక తప్పదు. వెళ్లింది. పెదవి కొరుక్కుంటూ, చూపుడువేలి కొనతో రాయిని నొక్కుతున్న ఆ క్షణం ఇప్పటికీ మా హాల్లో గోడ మీద ఉంది. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇదే: ఆగడానికి వీల్లేని పనిలో ఉన్న మనిషిని అడిగి తీయాలి. తవా మీద రుమాలీ రొట్టె, కేటిల్‌లోంచి పోసే ఇరానీ చాయ్, ఎడారిలో అయితే ఒంటెకు జీను బిగించడం, కట్టెల పొయ్యి మీద సజ్జ రొట్టె కాల్చడం. చేతికి పని ఉంటే ముఖం బిగుసుకోదు.

"నక్కో" (వద్దు) అన్నారంటే అక్కడితో ఆపేయాలి. నవ్వి సలాం చెప్పి ముందుకు వెళ్లిపోండి. దూరం నుంచి జూమ్ చేసి దొంగచాటుగా తీయకండి. పిల్లలను తీసే ముందు వాళ్ల అమ్మనో నాన్ననో అడగాలి. మళ్లీ వచ్చే వారం ఆ ఫోటోల ప్రింట్లు తీసుకెళ్లి ఇవ్వండి. ఒక్కసారి ఇచ్చి చూడండి, ఆ గల్లీలో మీరు కొత్తవాళ్లు కారు. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకు అదే పెద్ద ధైర్యం. నాకైతే మూలమీది చాయ్ హోటల్లో బ్యాగు పెట్టుకోనిచ్చేంత చనువు వచ్చింది.

నాలుగో ఆదివారం సాయంత్రం ఖాజాగూడ గుట్టల మీదికి వెళ్లండి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాళ్లవి. మనుషులు, రంగులు లేకుండా వట్టి ఆకారం, నీడలతో ఫ్రేము కట్టడం అలవాటు చేసుకోవడానికే ఈ రోజు. మీ స్నేహితులను దూరంగా ఒక బండ మీద నిలబెట్టి, మనిషి ఎంత చిన్నగా కనిపిస్తే బండ ఎంత పెద్దదిగా అనిపిస్తుందో చూసుకోండి. చీకటి పడకముందే దిగిపోండి.

సర్దుకోవలసినవి

లెన్సులు ఎన్ని ఉన్నా ఇసుక దగ్గర మార్చకండి. నేను మొదటిసారి చేసిన పెద్ద తప్పు అదే. 70-200 ఎంఎం లాంటి పొడుగు జూమ్ లెన్స్‌ను హోటల్ గదిలోనే బిగించుకుని వెళ్లండి, వెడల్పు దృశ్యాలకు ఫోన్ చాలు. గట్టి జిప్ కవర్‌కు లెన్స్ పట్టేంత రంధ్రం చేసి కెమెరాకు తొడిగి రబ్బరు బ్యాండ్ వేయండి. గాలి లేస్తే గాలికి వీపు పెట్టి నిలబడాలి. ఇసుక పడిన లెన్స్‌ను గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు రబ్బరు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, చివరికి గుడ్డ. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి కాబట్టి రెండోది స్వెటర్ లోపలి జేబులో ఉంచుకోండి.

తిన్నెల మీద

జైసల్మేర్ దేశానికి పడమటి అంచున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో మనకు సూర్యుడు ఏడుకు పావుగంట ముందు వస్తే అక్కడ ఏడున్నర అవుతుంది. సమ్ ఇసుక తిన్నెలు ఊరికి సుమారు 40 కిలోమీటర్లు. సాయంత్రాలు అక్కడ జీపులు, ఒంటెలు, జనం. నాకు నచ్చింది ఖూరీ అనే ఊరి దగ్గరి తిన్నెలు. రాత్రి ఆ ఊళ్లోనే ఉంటే తెల్లవారుజామున టార్చి వేసుకుని నడిచి వెళ్లిపోవచ్చు. రాత్రి గాలికి పాత అడుగులన్నీ చెరిగిపోయి ఉంటాయి. తొందరపడి తిన్నె ఎక్కేయకండి, మీ అడుగులే మీ ఫోటోలో పడతాయి. చుట్టూ తిరిగి, సూర్యుడు మీ భుజం పక్కన ఉండేలా నిలబడండి, పత్తర్‌గట్టీలో నిలబడినట్టు. గాలి ఎక్కే వైపు వాలు తక్కువగా ఉంటుంది, అలలుండేది అటే. గాలి దాటిన వైపు ఇసుక జారిపడి సుమారు 34 డిగ్రీల నిటారు వాలుతో నున్నగా ఉంటుంది. ఈ రెండూ కలిసే శిఖర రేఖ మీద ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. మీ ఫ్రేమును ఆ రేఖతో మొదలుపెట్టండి.

ఇసుక మొత్తం ఎండలో ఉంటే +1 దాకా వెళ్లండి, ఫ్రేములో సగం నీడైతే ఏమీ పెంచకండి. ఫోటో రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో పెట్టండి, ఆటోలో ఉంటే ఆ బంగారు రంగును కెమెరా చల్లార్చేస్తుంది.

తొమ్మిది దాటాక జైసల్మేర్ కోటకు వెళ్లండి. 1156లో మొదలైన ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. గల్లీలు ఇరుకు, రాళ్లు పసుపు. మిట్టమధ్యాహ్నం కూడా ఎదురు గోడ మీద పడిన ఎండ తిరిగి వచ్చి నీడలోని ముఖాలను వెచ్చగా వెలిగిస్తుంది. లాడ్‌బజార్‌లో నేర్చుకున్నదంతా ఇక్కడ వాడుకోండి. సరిహద్దు జిల్లా కాబట్టి సైన్యం వాహనాలు, స్థావరాల ఫోటోలు మాత్రం వద్దు.

ఖూరీలో నన్ను తన ఇంటికి తీసుకెళ్లి చాయ్ ఇచ్చిన ఒంటెల ఆయన అడ్రస్‌ను పిన్‌కోడ్‌తో సహా ఫోన్‌లో ఆయన చేతే టైపు చేయించుకున్నాను. తిరిగొచ్చిన వారంలోనే ప్రింట్లు వేయించి, వంగకుండా రెండు అట్టల మధ్య పెట్టి, మలక్‌పేట పోస్టాఫీసులో స్పీడ్‌పోస్ట్ చేశాను. పది రోజులకు ఆయన ఫోన్ నుంచి ఒక ఫోటో వచ్చింది: గూట్లో దేవుడి పటం పక్కన, నేను తీసిన ఆయన ఒంటె.